ఆటోమేటిక్ గేరుబాక్సు నూనె: మార్చవలెనా, కదపకుండా వదలవలెనా?

బండి కొన్ననాటి నుండి గేరుబాక్సు నూనె మార్చలేదు, ఇప్పుడు మార్చవచ్చునా? ఈ ప్రశ్నకు షెడ్డుకొక సమాధానం లభిస్తుంది. ఒక మెకానిక్కు వెంటనే మార్చమంటాడు. మరొకడు నడుస్తున్నదానిని కదపవద్దు, కదిపితే కూలబడుతుందని హెచ్చరిస్తాడు. ఇంకొకడు ఇది జీవితకాలపు నూనె, మార్చే పనే లేదంటాడు. ముగ్గురూ అనుభవం గలవారే. ముగ్గురి మాటలోనూ కొంత నిజమున్నది. ఏ మాట ఏ స్థితిలో ఉన్న బండికి వర్తిస్తుందో తెలుసుకోవడమే అసలు పని.

ఈ నిర్ణయం చిన్నది కాదు. నూనె మార్పుకు అయ్యే ఖర్చు వేలలో ఉంటుంది. గేరుబాక్సు పోతే ఖర్చు లక్షలలోకి వెళ్ళవచ్చు. అప్పు తీరని బండి షెడ్డులో నిలిచిపోతే కిస్తీ మాత్రం నిలవదు.

మన బండి ఏ రకానిది?

మన గ్రామాలలో సరుకు మోసే పికప్పులలో అధికభాగం చేతితో గేరు వేసేవే. వాటి గేరుబాక్సు నూనె వేరు, పద్ధతి వేరు. అయితే తోటకూ కుటుంబానికీ కలిసివచ్చే పెద్ద పికప్పులలో ఆటోమేటిక్ రకాలు వచ్చినవి. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు సరిహద్దులోని శ్రీసిటీలో 2016లో ప్రారంభమైన ఇసుజు కర్మాగారం నుండి వచ్చే వి-క్రాస్ పికప్పులో 2019లో ఆటోమేటిక్ రకం వెలువడినది. బెంగళూరు సమీపంలోని బిడదిలో తయారయ్యే టయోటా హైలక్స్ 2022లో మన విపణిలోకి వచ్చినది. దానిలోనూ ఆరు గేర్ల ఆటోమేటిక్ కలదు. నగరాలలో కొన్నేళ్ళు నడిచిన ఇటువంటి బండ్లు సెకండ్ హ్యాండుగా పల్లెలకు చేరుతుంటాయి. వాటితోపాటే పై ప్రశ్న కూడా చేరుతుంది.

క్లచ్ పెడల్ లేని ప్రతి బండీ ఒకే రకం కాదు. 2014లో మారుతి సెలేరియోతో ప్రచారంలోకి వచ్చిన ఏఎంటీ అనేది నిజానికి మామూలు గేరుబాక్సే. క్లచ్చును, గేరును మన కాలు, చేతికి బదులు యంత్రం కదుపుతుంది. దానికి మామూలు గేరుబాక్సు నూనెయే వాడతారు. ఈ వ్యాసం ఏఎంటీ గురించి కాదు. టార్క్ కన్వర్టర్ గల అసలైన ఆటోమేటిక్ గురించి మాత్రమే. మీది ఏ రకమో బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది.

నూనె చేసే పనులు

మామూలు గేరుబాక్సులో నూనె పళ్ళ చక్రాలకు జారుడునిస్తుంది. ఆటోమేటిక్‌లో నూనెకు అంతకంటె ఎక్కువ బాధ్యత ఉన్నది. ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్యనున్న టార్క్ కన్వర్టర్‌లో ఇంజను శక్తిని గేరుబాక్సుకు అందించేది నూనెయే. ఒక ఫంకా తిరిగి నూనెను విసిరితే ఎదుటి ఫంకా ఆ తాకిడికి తిరుగుతుంది. లోపలి క్లచ్ ప్లేట్లను నొక్కి గేరు పట్టించేది నూనె ఒత్తిడియే. ఏ సమయంలో ఏ క్లచ్చు పట్టాలో నిర్ణయించే సన్నని కాలువలలో ప్రవహించేదీ నూనెయే. పుట్టిన వేడిని కూలరుకు మోసుకుపోయేదీ అదే.

కావున ఈ నూనె జారుడునివ్వాలి, అదే సమయంలో క్లచ్ ప్లేట్లు జారకుండా పట్టునూ ఇవ్వాలి. పరస్పర విరుద్ధమైన ఈ రెండు గుణాలను సమతూకంగా ఉంచేందుకే దానిలో ప్రత్యేక రసాయనాలు కలుపుతారు. కాలక్రమంలో క్షీణించేవి ఆ రసాయనాలే.

నూనెకు శత్రువు వేడి

ఆటోమేటిక్ నూనె సాధారణంగా 80 నుండి 95 డిగ్రీల సెల్సియస్ వేడిలో పనిచేస్తుంది. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడు రసాయన చర్య వేగం సుమారు రెండింతలవుతుందని ఉజ్జాయింపు సూత్రం. అనగా మరో 20 డిగ్రీలు పెరిగితే నూనె నాలుగింతల వేగంతో చెడుతుంది.

కోలారు వైపు నుండి చిత్తూరుకు టమోటా, మామిడి దింపి, తిరుగు ప్రయాణంలో మరో బరువుతో మొగిలి ఘాటు ఎక్కే బండిని తలచుకోండి. ఎత్తు ఎక్కుతూ, తక్కువ వేగంలో, బరువుతో పోయేటప్పుడు టార్క్ కన్వర్టర్‌లో నూనె మరింత చిలకబడి వేడెక్కుతుంది. అదే నమూనా బండి బెంగళూరులో ఒకే మనిషిని మోస్తూ చదును రోడ్డుపై తిరిగితే దాని నూనె అంత త్వరగా చెడదు. కిలోమీటర్లు సమానమైనా నూనె వయస్సు సమానం కాదు.

జీవితకాలపు నూనె అనే మాటను ఇక్కడే సరిగా అర్థం చేసుకోవాలి. అది సాధారణ వాడకాన్ని దృష్టిలో ఉంచుకొని చెప్పిన మాట. బరువు, దుమ్ము, కొండదారి, ట్రైలరు లాగడం వంటివి ఉంటే దానిని కఠిన వాడకంగా లెక్కించి, మార్చవలసిన గడువును వేరుగా ఇచ్చే పుస్తకాలు అనేకం. పుస్తకంలో ఆ పట్టికను వెదకండి. అందులో గడువు ఉంటే అదే ప్రమాణం. లేనప్పుడు కఠిన వాడకానికి 60,000 నుండి 1,00,000 కిలోమీటర్ల మధ్య మార్చడం సమంజసం.

మారిస్తే చెడుతుందన్న భయం

నూనె మార్చిన వారానికే గేరుబాక్సు పోయిందన్న మాట మనం తరచు వింటాము. అది కల్పితం కాదు. అయితే కారణం వేరు. గేరు జారడం మొదలైన తరువాతనే చాలామంది నూనె సంగతి ఆలోచిస్తారు. అప్పటికే క్లచ్ ప్లేట్లు అరిగిపోయి ఉంటాయి. నూనె మార్చినా, మార్చకపోయినా ఆ గేరుబాక్సు పోయేదే. చివరి ఘడియలో ఆసుపత్రికి చేర్చి, సూది వేయడం వల్లనే ప్రాణం పోయిందనడం వంటిది ఈ అపవాదు.

భయంలో నిజమైన భాగం కూడా ఒకటున్నది. ఎన్నడూ నూనె మార్చని గేరుబాక్సులో అడుగున మడ్డి పేరుకొని ఉంటుంది. యంత్రంతో ఒత్తిడి పెట్టి కడిగితే ఆ మడ్డి కదలి సన్నని కాలువలలో చిక్కుకునే ప్రమాదమున్నది. కావున భయపడవలసినది కొత్త నూనెకు కాదు, పాత బండిని ఒత్తిడితో కడిగే పద్ధతికి.

ముందుగా చూడవలసినవి

నూనె కొద్దిగా తీసి తెల్లని కాగితంపై వేయించండి. కొత్త ఆటోమేటిక్ నూనె చాలావరకు ఎర్రగా, తేటగా ఉంటుంది. గోధుమ రంగు వాడకానికి గుర్తు. నలుపు, మాడిన వాసన కలిసి ఉంటే క్లచ్ ప్లేట్లు కాలినవని అనుమానించాలి. పాలు కలిపినట్లు గులాబీ రంగులో ఉంటే నీరు చేరినట్లే. అడుగు ఛాంబరు విప్పినప్పుడు అయస్కాంతంపై బూడిద వంటి మెత్తని పొడి ఉండటం సహజం. గోటికి తగిలే లోహపు ముక్కలుంటే అపాయం.

బండి నడకనూ గమనించాలి. గేరు మారేటప్పుడు ఇంజను మోత పెరిగి బండి వేగం పెరగకపోవడం, డి లో వేసిన తరువాత రెండు మూడు క్షణాలు కదలకపోవడం, గేరు పడేటప్పుడు గట్టి కుదుపు అనేవి హెచ్చరికలు.

నిర్ణయం

నడక బాగుండి, నూనె ఎరుపు లేక గోధుమ రంగులో ఉంటే గడువు ప్రకారం నిస్సంకోచంగా మార్చండి.

నడక బాగుండి, నూనె బాగా ముదురు రంగుకు తిరిగి, ఇంతకుముందు ఎన్నడూ మార్చనిదైతే మార్చండి. కాని ఒత్తిడితో కడిగించవద్దు. అడుగు నుండి కారినంత కారనిచ్చి, అంతే కొత్తది పోయించండి. ఫిల్టరు విప్పి మార్చగల నిర్మాణమైతే దానినీ మార్చండి.

గేరు జారుతూ, మాడు వాసన, లోహపు ముక్కలు కనిపిస్తే నూనెపై డబ్బు వ్యయం చేయకండి. ముందు నూనె మట్టం చూపించి, కంప్యూటరుతో లోపాల సంకేతాలు చదివించండి. ఒక్కొక్కసారి లోపం సెన్సరులోనో, విద్యుత్ కవాటంలోనో ఉంటుంది. అది కాదని తేలితే గేరుబాక్సు విప్పవలసినదే.

నూనెలో నీరు కలిస్తే గడువుతో పనిలేదు. బండిని నడపక వెంటనే శుభ్రం చేయించాలి. 2022 జూలైలో గోదావరి వరద యానాం వీధులలోకి వచ్చినప్పటి వంటి స్థితిలో నీట నిలిచిన బండికి ఈ పరీక్ష తప్పనిసరి. వరద లేకుండానే నీరు కనిపిస్తే రేడియేటరులోని కూలరు చిల్లిపడిందేమో చూపించాలి.

మార్చేటప్పుడు జాగ్రత్తలు

అడుగు బిరడా విప్పితే నూనె మొత్తం రాదు. టార్క్ కన్వర్టర్‌లోనూ, కూలరులోనూ సగానికి పైగా నిలిచిపోతుంది. మొత్తం 10 లీటర్లలో 4 లీటర్లు మార్చినామనుకుందాం. మొదటిసారికి కొత్త నూనె 40 శాతం. కొంతకాలం నడిపి మరల 4 లీటర్లు మారిస్తే 64 శాతం. మూడవసారికి 78 శాతం దాటుతుంది. నిర్లక్ష్యానికి గురైన బండికి ఈ నెమ్మది పద్ధతియే క్షేమకరం.

నూనె పేరు విషయంలో మన సరిహద్దు ప్రాంతాలలో ఒక ప్రత్యేక చిక్కున్నది. తెలుగు, కన్నడ, తమిళ, ఒడియా షెడ్లన్నిటిలోనూ గేర్ ఆయిల్ అన్న మాట ఒక్కటే. ఆ పేరుతో అడిగితే చిక్కని మామూలు గేరు నూనె చేతికి రావచ్చు. అది ఆటోమేటిక్‌కు పనికిరాదు. ఏటీఎఫ్ అని అడగాలి. అది కూడా చాలదు. డెక్స్రాన్ 6, టయోటా డబ్ల్యూఎస్ వంటి పేర్లలో మీ పుస్తకం ఏది కోరినదో ఆ ప్రమాణానిదే కావాలి. చీటీ కన్నడంలో వ్రాసినా, తమిళంలో వ్రాసినా, డబ్బాపై ముద్రించిన పేరును ఉన్నదున్నట్లు, లీటర్లతో, కిలోమీటర్లతో సహా వ్రాయించుకోండి. రేపు మరో రాష్ట్రంలోని మెకానిక్కుకు అది చరిత్ర పత్రం. సెకండ్ హ్యాండు బండి కొనేవారు ఇటువంటి చరిత్రను అధీకృత సర్వీసు కేంద్రంలో బండి నంబరు ఇచ్చి ముందే విచారించడం మంచిది.

మట్టం చూసే పద్ధతి బండినిబట్టి మారుతుంది. గేజి కడ్డీ ఉన్న బండ్లలో అధికభాగానికి చదును నేలపై, ఇంజను నడుస్తుండగా, నూనె వేడిగా ఉన్నప్పుడు చూడాలి. కడ్డీ లేనివాటికి నిర్దిష్ట ఉష్ణోగ్రత వద్ద ప్రక్క బిరడా విప్పి చూస్తారు. నూనె తక్కువైతే ఒత్తిడి తగ్గుతుంది, ఎక్కువైతే నురగ పుడుతుంది. రెండూ చేటే.

చివరిగా ఒక మాట. ఆటోమేటిక్ బండి దారిలో ఆగిపోతే తాడు కట్టి ట్రాక్టరుతో లాగించడం మన వాడుక. ఇంజను ఆగితే నూనె పంపు కూడా ఆగుతుంది. చక్రాలు తిరిగినంతసేపూ లోపలి భాగాలు నూనె అందక రాసుకుంటాయి. కావున గేరుబాక్సు తిప్పే చక్రాలను నేల నుండి పైకెత్తియైనా, మొత్తం బండిని వేరొక లారీపైకి ఎక్కించియైనా తరలించాలి. ఫోర్‌వీల్ డ్రైవు బండికి రెండవ మార్గమే క్షేమం.