ఒకటవ తరగతిలోనే నిర్ణయమగు ఉద్యోగము

ఏ తూము నుండి ఏ పొలమునకు నీరు పారవలయునో కట్టుబాటు లేని చెరువు ఎంత పెద్దదైనను ఊరికి కలహమును తెచ్చునుగాని పంటను తేదు. ప్రభుత్వోద్యోగముల సంగతియు నట్టిదే. ఉద్యోగములెన్ని యున్నవి యనునది యొక ప్రశ్న. అవి యెవరికి, ఏ నియమము ననుసరించి చేరవలయు ననునది మరియొక ప్రశ్న. మొదటి ప్రశ్నను గూర్చి మన పట్టణములందును పల్లెలందును చర్చకు కొదువ లేదు. రెండవదానిని గూర్చి మాత్రము చదువుకొన్న గృహస్థులు సైతము దరఖాస్తు వేయు దినము వచ్చువఱకు తలంచుట లేదు. అప్పటికి తలంచియు ఫలము లేదు. ఏలయన, స్థానికుడెవ్వడను నిర్ణయము దరఖాస్తుదారు బలపమును పట్టిన నాడే చాలవఱకు జరిగిపోయి యుండును.

ఈ విషయమును స్పష్టముగా జూపుటకు పోచారము కంటె తగిన తావు లేదు. కామారెడ్డి జిల్లా నాగిరెడ్డిపేట మండలమున, మెదకు జిల్లా పొలిమేరను ఆనుకొని ఈ యూరు గలదు. మంజీరలో కలియు ఆలేరు వాగునకు అడ్డముగా నిజాము ప్రభుత్వమువారు 1916లో ప్రారంభించి 1922 నాటికి ముగించిన ఆనకట్ట వలన దీని పేరు నలుదెసల దెలిసినది. నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి ప్రాంతముల పంటభూములకు ఈ జలాశయమే ప్రాణము. 2025 ఆగస్టు చివరి వారమున కామారెడ్డి, మెదకు జిల్లాలలో కుంభవృష్టి కురిసి, వరద కట్టను ముంచెత్తినప్పటికిని నూరేండ్ల నాటి ఆ కట్టడము నిలిచినది. అట్టి యూరి పిల్లవానికి సర్కారు కొలువు ఏ త్రోవను వచ్చునో విచారింతము.

విచిత్రమేమన, పోచారము కట్టకు రాళ్లు పేర్చుచున్న దినములలోనే ఉద్యోగముల కట్టకును పునాది పడినది. 1919లో హైదరాబాదు రాజ్యమున ముల్కీ నిబంధనలు వెలువడెను. రాజ్యమున జన్మించినవారును, పదునైదేండ్లు స్థిరనివాసము చేసినవారును ముల్కీలు. ప్రభుత్వపు కొలువులు వారివి. వెలుపలి నుండి వచ్చి పెద్ద పదవులను పొందుచున్న వారిని జూచి స్థానికులు పడిన బాధ నుండి పుట్టిన కట్టడి యిది. ఆ బాధ రాజ్యముతో అంతరింపలేదు. 1952లో విద్యార్థులు వీధుల కెక్కిరి. 1969లో తెలంగాణమంతయు అట్టుడికినట్లు ఉడికెను. 1972 అక్టోబరు 3వ తేదీన సుప్రీముకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లునని తీర్పు చెప్పగా, కోస్తా, రాయలసీమ ప్రాంతములు లేచెను. 1973లో ఆరుసూత్రముల పథకము, దాని వెంట రాజ్యాంగమున 371-డి అధికరణము, 1975 అక్టోబరు 18వ తేదీన రాష్ట్రపతి ఉత్తరువు వచ్చెను. ఆ యుత్తరువు సరిగా అమలు జరుగలేదను ఫిర్యాదుపై 1985 డిసెంబరు 30న 610వ జీవో పుట్టెను. ఆ సంఖ్య తెలియని ఉద్యోగి తెలంగాణమున లేడనిన అతిశయోక్తి కాదు.

1975 నాటి ఉత్తరువు ప్రకారము, పదవ తరగతి పరీక్షకు మొదట కూర్చున్న సంవత్సరముతో ముగియు నాలుగేండ్లు వరుసగా ఎచ్చట చదివినచో అభ్యర్థి అచ్చటి స్థానికుడు. జిల్లా స్థాయి కొలువులలో నూటికి ఎనుబది, జోనులోని నాన్‌గెజిటెడు కొలువులలో డెబ్బది, నిర్దేశింపబడిన గెజిటెడు కొలువులలో అరువది స్థానికులకు విడిచిరి. అప్పుడు పోచారము నిజామాబాదు జిల్లాలోనిది. ఆ జిల్లా హైదరాబాదు, మెదకు, రంగారెడ్డి, మహబూబునగరము, నల్లగొండలతో గూడి ఆరవ జోనుగా నుండెను.

తెలంగాణ రాష్ట్రము 2014 జూన్ 2న ఏర్పడిన తరువాత ఈ పటమంతయు మారినది. 2016 అక్టోబరు 11న నిజామాబాదు నుండి కామారెడ్డి వేఱు జిల్లా యయ్యెను. 2018లో క్రొత్త రాష్ట్రపతి ఉత్తరువు వెలువడెను. దాని ప్రకారము కామారెడ్డి, మెదకు, సిద్దిపేట, కరీంనగరము, సిరిసిల్ల జిల్లాలు రాజన్న జోను. ఆ జోను మొదటి బహుళ జోనులోనిది. జిల్లా, జోను, బహుళ జోను కొలువులలో నూటికి తొంబదియైదు స్థానికులవి. తక్కిన అయిదు మాత్రమే ప్రతిభానుసారము అందఱికి తెఱచియుండును. స్థానికుని గుర్తించు పద్ధతియు మారినది. పదవ తరగతి ప్రసక్తి పోయి, ఒకటి నుండి ఏడవ తరగతి వఱకు గల ఏడేండ్లలో నాలుగేండ్లు ఎచ్చట చదివినచో అచ్చటివాడే స్థానికుడను నియమము వచ్చినది.

ఈ మార్పు యొక్క బరువును చదువరులు ఒక్క నిమిషము తూచి చూడవలెను. పోచారమునకు జిల్లా కేంద్రమైన కామారెడ్డి కంటె మెదకు పట్టణము చాల దగ్గఱ. సంతకు, వైద్యమునకు, పెండ్లి బట్టలకు ఈ ప్రాంతపు జనులు మెదకునకు పోవుట సహజము. కొంత కలిగినవారు పిల్లలను సయితము అచ్చటి ప్రైవేటు బడులకు పంపుటయు నంతే సహజము. కాని ఒకటవ తరగతి నుండి నాలుగేండ్లు మెదకు బడిలో చదివిన పోచారపు పిల్లవాడు, ఉపాధ్యాయుడో, జూనియరు అసిస్టెంటో, పంచాయతి కార్యదర్శియో కావలె ననుకొనిననాడు మెదకు జిల్లా స్థానికుడగునే కాని కామారెడ్డి జిల్లా స్థానికుడు కాడు. తన యిల్లు, తన పొలము, తన ఓటు ఒక జిల్లాలో. తన కొలువు హక్కు వేఱొక జిల్లాలో. రెండు జిల్లాలు ఒకే జోనులో నుండుట వలన జోను కొలువులకు మాత్రము చిక్కు లేదు. బిడ్డను హైదరాబాదులో బంధువుల యింట నుంచి చదివించు సంపన్న గృహస్థుని సంగతి యింకను భిన్నము. హైదరాబాదు చార్మినారు జోనులోనిది, రెండవ బహుళ జోనులోనిది. కావున ఆ బిడ్డకు సొంత జిల్లా కొలువులే కాక సొంత జోనువియు, సొంత బహుళ జోనువియు పరాయివే. ఊరి బడిలో పలక పట్టిన కూలివాని బిడ్డకు గల హక్కు పటేలు బిడ్డకు లేకపోవుట ఈ నియమము చేసిన వింత.

ఇట్లు పంపుట తప్పని మేము చెప్పుట లేదు. హైదరాబాదు స్థానికత వలనను లాభములు గలవు. ఏది చేసినను తెలిసి చేయవలయు ననియే మా మనవి. తెలిసి చేయువారికి ఉత్తరువులోనే మార్గము లున్నవి. దృష్టాంతమునకు, ప్రభుత్వ గురుకులములలో ప్రవేశము అయిదవ తరగతిలో జరుగును. మొదటి నాలుగేండ్లు సొంత జిల్లాలో ముగించిన పిల్లవాడు తరువాత ఏ జిల్లా గురుకులమునకు పోయినను స్థానికత నిలిచియుండును. మూడవ తరగతి ముగియగానే పొరుగు జిల్లాకు మార్చినవానికి ఈ రక్ష లేదు. ఒక్క సంవత్సరపు తేడా ముప్పది యేండ్ల కొలువును అటు నిటు చేయగలదు.

నియమము న్యాయమైనదా యను ప్రశ్నకు రెండు వైపుల సమాధానములు గలవు. పదవ తరగతికి ముందు నాలుగేండ్ల లెక్కలో, పట్టణపు హాస్టళ్లకు తరలిన పల్లె పిల్లలు పట్టణపు స్థానికులై పోవుచుండిరి. పసితనమున బిడ్డ సాధారణముగా తల్లిదండ్రుల యొద్దనే యుండును గావున, క్రొత్త లెక్క వాని నిజమైన ఊరికి దగ్గఱ. ఇది దాని గుణము. దోషమేమన, ఈ ప్రాంతము వలసల ప్రాంతము. నిజామాబాదు, కామారెడ్డి పల్లెల నుండి గల్ఫు దేశములకు పోయిన తండ్రులు, హైదరాబాదు కట్టడములలో కూలికి పోయిన దంపతులు వేలకు వేలు. బ్రతుకు తెరువుకై తల్లిదండ్రులు పోయిన చోట చదివిన బిడ్డ, ఊరికి తిరిగి వచ్చునప్పటికి ఊరివాడు కాకపోవును. ఏడేండ్ల వయస్సున తాను చేయని నిర్ణయమునకు ఇరువదియైదేండ్ల వయస్సున ఫలమనుభవించుట వాని పాలగును.

కొలువులోనున్న వారికిని ఈ పటము మార్పు తప్పలేదు. 2021 డిసెంబరులో వెలువడిన 317వ జీవో ప్రకారము ఉద్యోగులను, ఉపాధ్యాయులను క్రొత్త జిల్లాలకు పంచిరి. ఆ పంపకము సీనియారిటీ ననుసరించి జరిగినందున, చిన్నవారు పలువురు పుట్టిన జిల్లాను విడువవలసి వచ్చెను. అందుపై రేగిన ఆందోళన యెల్లర కెఱుకయే.

స్థానికత సమకూడినంత మాత్రమున కొలువు చేతికి రాదు. 2022 డిసెంబరులో ప్రకటింపబడిన గ్రూపు-4 కొలువులు ఎనిమిది వేల చిల్లర. దరఖాస్తులు తొమ్మిదిన్నర లక్షలు. ఒక్క కుర్చీకి నూటికి పైగా అభ్యర్థులు. 2022 ఏప్రిలులో ప్రకటింపబడిన 503 గ్రూపు-1 కొలువుల కథ మఱియు దుఃఖకరము. అక్టోబరులో జరిగిన తొలి పరీక్ష, ప్రశ్నపత్రములు బయటికి పొక్కిన కారణమున 2023 మార్చిలో రద్దయ్యెను. జూనులో మరల జరిపిన పరీక్షను హైకోర్టు కొట్టివేసెను. 2024 ఫిబ్రవరిలో 563 కొలువులకు క్రొత్త ప్రకటన వచ్చెను. దాని ఫలితములును న్యాయస్థానపు మెట్లెక్కి, 2025 సెప్టెంబరు నెలాఖరున గాని నియామక పత్రములు అభ్యర్థుల చేతికి రాలేదు. తొలి ప్రకటన నాడు ఇరువదియేడేండ్ల వాడైన యువకుడు అప్పటికి ముప్పదియేండ్లు దాటెను. ఆ మూడేండ్ల గది అద్దెయు, భోజనపు ఖర్చును, గ్రంథముల వెలయు పల్లెలోని తండ్రి వరి పండించి కట్టినవే. పరీక్ష రద్దయినపుడు ప్రభుత్వము నష్టపోయినది కాగితము. ఆ కుటుంబము నష్టపోయినది యౌవనము.

గ్రామమునందే గల కొలువులు సైతము స్థిరములని నమ్మరాదు. గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థను 2020 సెప్టెంబరులో రద్దు చేసిరి. గ్రామ రెవెన్యూ సహాయకులను 2023లో వివిధ శాఖలలో సర్దిరి. 2025 సెప్టెంబరులో గ్రామ పాలనాధికారులను క్రొత్త పేరిట, చాలవఱకు ఆ పాతవారి నుండియే, నియమించిరి. పంచాయతి కార్యదర్శులను 2018లో పరీక్ష పెట్టి యెన్నుకొని, 2019లో నెలకు పదునైదు వేల రూపాయలపై ఒప్పందపు కొలువులో చేర్చుకొనిరి. వారు 2023లో సమ్మెకు దిగిన పిదపగాని క్రమబద్ధీకరణ ప్రారంభము కాలేదు. ఇట్లు తీసివేయుటయు, మరల పెట్టుటయు ప్రభుత్వములకు సులభము. ఆ నడుమ పోచారము వంటి యూరిలో పహాణీ నకలు కావలసిన రైతు ఎవరి గడప ద్రొక్కవలయునో తెలియక తిరుగుట మాత్రము సులభము కాదు. కొలువు కొలువుదారునికే గాక ఊరికిని అక్కఱ యను మాట ఇందువలన తేటపడుచున్నది. వరద రాత్రి కట్టపై నిలిచి తూములను కనిపెట్టుకొని యుండు లష్కరు స్థానికుడై, కొలువు నిలుకడ గలవాడై యున్ననే కదా ఆయకట్టు రైతు నిదురించుట!

కావున ప్రభుత్వము చేయవలసిన పని కొంత గలదు. 2024 ఆగస్టు 2వ తేదీన శాసనసభలో ఉద్యోగ నియామకముల సాంవత్సరిక పట్టికను ప్రకటించిరి. షెడ్యూల్డు కులముల వర్గీకరణకై క్రొత్త ప్రకటనలు ఆగెను. ఆ వర్గీకరణ చట్టము 2025 ఏప్రిలు 14న అమలునకు వచ్చెను. ఏ కారణమున నిలిచినను, నిలిచిన కాలమునకు సరిపడ వయఃపరిమితిని పెంచుట న్యాయము. రెండవది, ఏడవ తరగతి ముగిసిన ప్రతి బాలునకు, బాలికకు అడుగకయే ఒకటి నుండి ఏడు వఱకు చదివిన వివరముల పత్రమును పాఠశాల యియ్యవలెను. ఇరువదేండ్ల తరువాత మూతపడిన ప్రైవేటు బడి దాఖలాల కొఱకు తిరుగు బాధ దీనితో తప్పును. మూడవది, వలసపోయిన కూలీల బిడ్డల విషయమున తల్లిదండ్రుల సొంత గ్రామమును పరిగణించు వెసులుబాటును ఆలోచింపవలెను.

ప్రభుత్వముపై భారమంతయు మోపి మనము చేతులు కట్టుకొని కూర్చుండుటయు తగదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము నెలకొల్పిన పెద్దలు పాలకుల అండ కొఱకు వేచి యుండలేదు. ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేటలలోని భూస్వాములును వర్తకులును తలచినచో, ఒక గదిలో దినపత్రికలు, పాఠ్యగ్రంథములు, దరఖాస్తు వేయుటకు ఒక కంప్యూటరు, నియమములు తెలిసిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు గల పఠనమందిరమును పెట్టుట అసాధ్యము కాదు. పట్టణమునకు పోయి శిక్షణాలయములకు రుసుము చెల్లింపలేని పేద విద్యార్థికి, విశేషించి ఇల్లు విడిచి పోలేని ఆడపిల్లకు, అది గొప్ప ఆసరా. ధర్మసంస్థ యనిన సత్రమే కానక్కఱలేదు.

పఠనమందిరము కంటె సులభమైన పని ఇంకొకటి గలదు. జూన్ మాసమున బడులు తెఱచునపుడు బిడ్డ చేయి పట్టుకొని పోవు తండ్రి, ఆ బడి ఏ జిల్లాలోనిదో, ఏ జోనులోనిదో ఒక్కమాఱు అడిగి తెలిసికొనవలెను. చేర్చిన తేదీతో పత్రము నొకటి పుచ్చుకొని, పట్టాదారు పాసుపుస్తకము ప్రక్కనే దాచవలెను. భూమి కాగితము వలె అదియు వారసత్వపు కాగితమే.