ఒకేలా ఉన్నా ఒకటి కాదు

మన ఆగిరిపల్లి, నూజివీడు వైపు మామిడి తోటలు ఎక్కువ. కైకలూరు వైపు, కొల్లేరు చుట్టూ చేపల చెరువులు ఎక్కువ.

మామిడి అంటు కొనేటప్పుడు ఏం చేస్తాం? చిన్నరసం అంటే నమ్మి తెస్తాం. ఆకు చూసి రకం చెప్పడం అందరి వల్లా కాదు. కాయ కాశాకే అసలు సంగతి బయటపడుతుంది. చేపలకు పట్టే పురుగుల సంగతీ ఇంతే. కాకపోతే అక్కడ ఏళ్ల తరబడి ఆగడానికి లేదు.

చెరువులో చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. నీళ్లలో గాలి చాలక కావచ్చు. మొప్పలకు పురుగు పట్టి కూడా కావచ్చు. మొప్ప ఎత్తి చూస్తే పాలిపోయి ఉంటుంది. ఒక్కోసారి తెల్లని బొడిపెలు కనబడతాయి. చేప పేను అయితే కంటికి ఆనుతుంది. మిగతావి చాలావరకు ఆనవు.

అలాంటి వాటిలో ఒకటి మిక్సోబోలస్. పేరు కష్టంగా ఉంది కదూ! కూడబలుక్కుని చదవండి: మిక్-సో-బో-లస్. బొచ్చె, శీలావతి చేపల మొప్పల్లో ఇది చేరుతుంది. పిల్లల స్కేలు మీద రెండు సన్న గీతల మధ్య చోటు ఒక మిల్లీమీటరు. ఆ చోటులో దీని బీజాలు సుమారు వంద వరసగా పడతాయి!

మైక్రోస్కోపులో చూస్తే బీజం లోపల రెండు తిత్తులు కనబడతాయి. ఒకే తిత్తి ఉంటే అది థెలోహనెల్లస్ అనే వేరే జాతి. ఇంతవరకు తేలికే. కానీ ఒక్క మిక్సోబోలస్‌లోనే ఎనిమిది వందలకు పైగా రకాలున్నాయి. చాలా రకాలు చూపుకు ఒకటే.

మరి ఎలా పోల్చాలి?

మీరు అక్షరాలు నేర్చుకునేటప్పుడు 'ప', 'వ' దగ్గర తడబడ్డారు కదా. 'పాడు' వేరు, 'వాడు' వేరు. చిన్న తేడాతో మాటే మారిపోతుంది. ప్రతి జీవి లోపలా ఇలాంటి రాత ఒకటి ఉంది. దాన్ని డీఎన్ఏ అంటారు. అందులో నాలుగే అక్షరాలు: ఏ, టీ, జీ, సీ. మన యాభై ఆరింటితో పోలిస్తే ఎంత సులువో! ఆ నాలుగే వేల సార్లు, కోట్ల సార్లు వరసలు మారి వస్తాయి. పైకి ఒకేలా ఉన్న రెండు పురుగుల్లో ఈ వరస వేరుగా ఉంటే అవి వేరు వేరు రకాలని అనుమానించాలి.

బొడిపెలో ఉన్న రాత చదవడానికి చాలదు. అందుకే దానికి నకళ్లు తీస్తారు. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. 30 సార్లు ఇలా చేస్తే నూరు కోట్లు దాటుతాయి. ఇదే పీసీఆర్. అమెరికాలో కేరీ ముల్లిస్ 1983లో కనిపెట్టాడు. 1993లో నోబెల్ బహుమతి వచ్చింది. భీమవరం వైపు రొయ్య పిల్లల్ని చెరువులో వేసేముందు తెల్లమచ్చ వైరస్ కోసం చేయించేది ఈ పరీక్షే.

తేడా తెలిస్తే ఏం లాభం? నార్వే దేశం సంగతి వినండి. అక్కడి నదుల్లో 1975లో ఒక పురుగు బయటపడింది. సాల్మన్ చేపలు పెద్ద ఎత్తున చచ్చిపోయాయి. పురుగును చంపాలంటే నదిలో మందు కలిపి చేపలన్నిటినీ చంపాల్సి వచ్చింది. హాని చేయని రకాలు కూడా చూడటానికి అలాగే ఉంటాయి. పొరబడితే నది మొత్తం వృథాగా పోతుంది కదా!

దీనికి తలకిందుల సంగతీ ఉంది. చేపలో ఉండే పురుగుకు ఒక పేరు, బురదలోని ఎర్ర సన్నపామును పట్టే పురుగుకు ఇంకో పేరు పెట్టుకున్నారు. అమెరికాలో వోల్ఫ్, మార్కివ్ అనే శాస్త్రవేత్తలు 1984లో ఆ రెండూ ఒకటేనన్నారు. చాలామంది నమ్మలేదు. 1997లో డీఎన్ఏ చదివితే రెండిట్లో రాత ఒకటే! అది కూడా మిక్సోబోలస్ రకమే. అందుకే పట్టుబడి అయ్యాక చెరువు ఎండగట్టి, బురద తీసి, సున్నం చల్లమంటారు.

మొప్ప పురుగుల్లో కొన్నిటికి ఉప్పునీటి స్నానం పనిచేస్తుంది. మిక్సోబోలస్ బీజానికి పెంకు గట్టిది. దానికి మందు పోయడమంటే డబ్బు నీళ్లలో పోయడమే. కౌలు చెరువు వాళ్లకు ఆ తేడా తెలియడం చాలా అవసరం.

పరీక్షకు మొప్ప ముక్క పంపాలంటే స్పిరిట్‌లో వేసి పంపాలి. ఫార్మలిన్‌లో వేస్తే రాత చెడిపోతుంది. విజయవాడలో కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ వారి కేంద్రం ఉంది. అక్కడ అడిగి తెలుసుకోవచ్చు.

"ఈ చేప తింటే మనకేమన్నా అవుతుందా?" అని మీరు అడగవచ్చు. మిక్సోబోలస్ మనుషులకు అంటదు. అయినా చచ్చి తేలిన చేపను కొనకండి. కొన్న చేపను బాగా ఉడకనివ్వండి.