ఆయుర్దాయంపై వాయు కాలుష్య ప్రభావం – విశాఖ నగరం విషయంలో గమనించవలసిన అంశాలు

ద్వారకా నగర్, విశాఖపట్నం: వాయు కాలుష్యం వలన ప్రజల ఆయుర్దాయం ఇన్ని సంవత్సరాలు తగ్గుతున్నదని వార్తలు వెలువడినప్పుడల్లా, ఆ లెక్క ఎక్కడి నుండి వచ్చినదని పాత్రికేయులు, అధికారులు అడగడం సహజం.

చైనాలో హువాయ్ నదికి ఉత్తరాన శీతాకాలంలో బొగ్గుతో ఇళ్లను వెచ్చబరచే ఏర్పాటు ఉండేది, దక్షిణాన లేదు. ఇరువైపుల ప్రజల ఆయుర్దాయాన్ని పోల్చిన అధ్యయనం ఆధారంగా షికాగో విశ్వవిద్యాలయం ఒక సూచీని రూపొందించింది. దాని ప్రకారం 2.5 మైక్రాన్లు, అంతకు లోపు పరిమాణం గల సూక్ష్మ ధూళి ఘనపు మీటరు గాలిలో 10 మైక్రోగ్రాములు అధికంగా దీర్ఘకాలం కొనసాగినచో సగటు ఆయుర్దాయం 0.98 సంవత్సరం తగ్గుతుంది. ఈ కణాలు ఊపిరితిత్తుల లోతులకు చేరి రక్తంలో కలిసి గుండెజబ్బులకు, పక్షవాతానికి దారితీస్తాయి.

ఈ ధూళికి 2009లో మన దేశం నిర్ణయించిన వార్షిక పరిమితి 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది 5 మాత్రమే. అనగా జాతీయ ప్రమాణాన్ని సరిగ్గా అందుకొన్న నగరంలో సైతం ఈ లెక్కన సుమారు 3.4 సంవత్సరాల నష్టం మిగిలియుంటుంది. "ప్రమాణానికి లోబడి ఉన్నది" అన్న మాటను "హాని లేదు" అని వ్రాయడం పొరపాటు. అట్లే ఇది జనాభా మొత్తానికి వర్తించే సగటు. ఏ ఒక్క వ్యక్తి ఆయుష్షునూ దీనితో లెక్కించరాదు.

యారాడ కొండకు, ఉత్తరాన ఉన్న సింహాచలం కొండల వరుసకు నడుమ పళ్లెం వలె ఉన్న నగరం విశాఖ. చలికాలపు రాత్రులలో చల్లని గాలి నేలను అంటిపెట్టుకొని, పైనున్న వెచ్చని గాలి మూత వలె నిలువగా పొగ చెదరిపోదు. 1933లో ప్రారంభమైన ఓడరేవు, 1957 నాటి చమురు శుద్ధి కర్మాగారం, అనంతరం వచ్చిన పరిశ్రమలు ఈ పరిసరాలలోనే వెలసినవి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి విశాఖను తీవ్ర కాలుష్య ప్రాంతాలలో చేర్చింది. 2019లో ప్రారంభమైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలోనూ నగరం ఉన్నది.

ద్వారకా నగర్‌లో పొగగొట్టాలు లేవు, ఖనిజపు గుట్టలు లేవు. ఆర్టీసీ కాంప్లెక్స్‌కు వచ్చిపోయే బస్సులు, ఆటోల పొగ, రోడ్డు ధూళి మాత్రం నిత్యం ఉన్నవే. ఓడరేవు సమీపంలో డాబాలపై పేరుకొనే నల్లని దుమ్ము కంటికి కనిపిస్తుంది కనుక ఫిర్యాదులు వస్తాయి. కనిపించని సూక్ష్మ కణాలపై అంతగా రావు.

కావున కాలుష్య గణాంకాలను ప్రచురించునపుడు అవి 10 మైక్రాన్ల ధూళివా, 2.5 మైక్రాన్ల ధూళివా, ఒక రోజువా, వార్షిక సగటా, నగరంలోని ఏ కేంద్రంలో నమోదైనవి అన్న వివరాలను తప్పక పేర్కొనవలసియున్నది.