ఫోనుకు తాళమేశారా?

ఇంటికి తాళమేసి, ఒకటికి రెండుసార్లు లాగి చూసుకునేవారు కూడా బ్యాంకు ఖాతా, పిల్లల ఫొటోలూ ఉన్న ఫోన్‌ని బార్లా తెరిచి వదిలేస్తారు! నాలుగంకెల పిన్‌ అయితే 10 వేల రకాలుగా పెట్టుకోవచ్చు, ఆరంకెలైతే 10 లక్షల రకాలు. పుట్టినతేదీ పెడితే మాత్రం తాళంచెవి గుమ్మానికి వేలాడదీసినట్టే.

ఫోన్‌కి తాళమున్నా, సిమ్‌ తీసి వేరేదాంట్లో వేస్తే ఓటీపీలన్నీ దొంగకే! అందుకే సెట్టింగ్స్‌లోకెళ్లి సిమ్‌కీ పిన్‌ పెట్టాలి. కంపెనీ ఇచ్చిన పాత పిన్‌ తెలుసుకున్నాకే సుమా... మూడుసార్లు తప్పు కొడితే పీయూకే నంబరుంటేగానీ తెరుచుకోదు.

ఫోన్‌ పోతే పోలీసులకు ఫిర్యాదు చేసి, కేంద్రం 2023లో తెచ్చిన ‘సంచార్‌ సాథీ’ వెబ్‌సైట్లో ఐఎంఈఐ నంబరిచ్చి బ్లాక్‌ చేయించొచ్చు. *#06# నొక్కితే ఆ నంబరు కనిపిస్తుంది. ఇవాళే రాసిపెట్టుకోండి... ఫోన్‌లో కాదు, కాగితం మీద!