పొట్టులో దాగిన చక్కెర

మదనపల్లె టమాటా మార్కెట్టు దేశమున పేరెన్నిక గన్నది. పంట ముమ్మరమై ధర పడిపోయినపుడు, బండి బాడుగకైనను చాలదని రైతులు పండ్లను బాటప్రక్కన పారబోసిపోవుట పలుమారులు జరిగినది. ఎఱ్ఱని రాసులు ఎండకు పగిలి పులియును, ఈగలు ముసరును. "పులిసిన దానినుండి ఇథనాలు వచ్చునట గదా! ఈ పండ్లతో మోటారు బండ్లు నడుపరాదా?" అని ఏ బాలుడైనను అడుగవచ్చును.

ప్రశ్న మంచిదే. దానికి లెక్కయే బదులు చెప్పవలెను.

ఇథనాలు ఒక మద్యసారము. మన దేశమున పెట్రోలులో దీనిని కలుపుచున్నారు. 2025 నాటికి ఆ పాలు నూటికి 20 వఱకు పెరిగినది. ఇందు అధికభాగము చెరకునుండియు ధాన్యమునుండియు వచ్చునదే. ఈస్టు అను సూక్ష్మజీవి చక్కెరను తిని, ఇథనాలును బొగ్గుపులుసు వాయువును విడుచును. 100 కిలోల ద్రాక్షచక్కెర పూర్తిగా పులిసినను 51 కిలోలకు మించి ఇథనాలు రాదు. టమాటాలో నూటికి 94 పాళ్లు నీరే. చక్కెర సుమారు 3 పాళ్లు. అనగా 1000 కిలోల పండ్లనుండి, చుక్కయైన పోకుండ తీసినను, వచ్చునది 19 లీటర్లు. అంత నీటినుండి ఆ కొంచెమును వేరుచేయుటకు కాల్చవలసిన కట్టెలే ఎక్కువగును!

మామిడి సంగతి కొంత మేలు. చిత్తూరు ప్రాంతమున తోతాపురి గుజ్జు తీయు కర్మాగారములు కలవు. అచట తొక్కలును టెంకలును ఒక్కచోటనే కుప్పపడును. తొక్కలో చక్కెరయు, జీడిలో పిండిపదార్థమును గలవు. కాని మామిడికాలము కొలది నెలలే.

ఇక పుంగనూరు, కుప్పము వైపు మెట్టపొలములను చూడుడు. వేరుసెనగ పొట్టు, చెరకు పిప్పి, పట్టుపురుగులు ఆకు తినగా మిగిలిన మల్బరీ పుల్లలు అచట దొరకును. నాలుకకు తగిలించినచో వీనిలో తీపి యుండదు. అయినను వీనియందలి సెల్యులోజు అను పదార్థము ద్రాక్షచక్కెర అణువులు గొలుసువలె కూర్చుకొనగా ఏర్పడినదే. ఆ గొలుసు చుట్టును లిగ్నిను అను గట్టి పదార్థము సున్నము పూసిన గోడవలె నిలిచియుండును. వేరుసెనగ పొట్టులో ఈ లిగ్నిను మిక్కుటము. ఈస్టు దానిని ఛేదింపజాలదు.

ఈ తాళమును తెఱచుటకు మానవుడు చిరకాలము శ్రమించెను. 1819లో ఫ్రాన్సు దేశీయుడగు బ్రకొన్నో గంధకామ్లముతో గుడ్డపీలికలనుండి చక్కెర తీసెను. మఱియొక తాళపుచెవి విచిత్రముగా లభించినది. రెండవ ప్రపంచయుద్ధమున పసిఫిక్ దీవులలో అమెరికా సైనికుల గుడారములును నూలుబట్టలును చివికిపోజొచ్చెను. పరిశోధకులు కారణము వెదకగా, అందుకొక బూజు దొరికినది. దానికి తరువాత ట్రైకోడెర్మా రీసై అని పేరిడిరి. గుడారములను తినిన ఆ బూజు స్రవించు ఎంజైములే నేడు కర్మాగారములలో సెల్యులోజును చక్కెరగా విడగొట్టుచున్నవి. ముందుగా పొట్టును నలుగగొట్టి, ఆవిరితోను పలుచని ఆమ్లముతోను మెత్తపఱతురు. పిమ్మట ఎంజైములు, ఆపై ఈస్టు. ఇథనాలు 78 డిగ్రీల వేడికే మరుగును గనుక, కాచి వేరుచేయుదురు.

హర్యానాలోని పానిపట్టున ఇండియన్ ఆయిల్ సంస్థవారి ఇట్టి కర్మాగారము 2022 ఆగస్టు 10న ప్రారంభమైనది. ఏటా 2 లక్షల టన్నుల వరిగడ్డినుండి 3 కోట్ల లీటర్లు తీయవలెనని దాని సంకల్పము. టన్నుకు 150 లీటర్లన్నమాట. టమాటా 19 లీటర్లతో పోల్చి చూడుడు.

అయితే మన సీమలో వ్యర్థమనదగినది ఎంత? చెరకు పిప్పి బెల్లపు పొయ్యిలో మండును. వేరుసెనగ పొట్టు ఇటుకబట్టీలకు పోవును. వేరుసెనగ కట్టె పశువుల మేత. వాన కురియని యేట సుమారు 3 అడుగుల ఎత్తుగల పుంగనూరు ఆవుకు ఆ వామియే ప్రాణాధారము. దానిని బండికి పోసి ఆవును పస్తుంచుట నాకు సమ్మతము గాదు. మల్బరీ పుల్లలును, వానకు తడిసి మేతకు పనికిరాని కట్టెయు మిగులును. అవి ఊరూర చెదరియుండుటచే ఒకచోటికి చేర్చు బాడుగయే పెద్ద ఖర్చు.

మఱి బాటప్రక్కని టమాటాల మాటేమి? వానికి గోబరుగ్యాసు తొట్టియే తగినది. పండ్ల పులుపును పేడ సరిచేయును. నీరు అచట అడ్డము గాదు. వంటవాయువు తనంతట పైకి వచ్చును, కాచి వేరుచేయు పని లేదు. అడుగున మిగిలిన చిక్కని నీరు మరల టమాటా మడికే ఎరువగును.