బడి చదువుకు బస్తీ అండ: సైదాబాద్‌లో పాఠశాల సమాజం పాత్ర

హైదరాబాద్: విద్యార్థి అభ్యసనం గురించి చర్చ వచ్చినప్పుడల్లా ఉపాధ్యాయుని బోధన, పాఠ్యపుస్తకం, పరీక్షా ఫలితం అనే మూడు అంశాల చుట్టూనే అది తిరగడం పరిపాటి. కాని బాలుడు బడిలో గడిపే సమయం రోజులో కొంత భాగం మాత్రమే. ఉదయం వేళకు నిద్ర లేపి పంపేవారు, మధ్యాహ్నం అన్నం వడ్డించేవారు, మరుగుదొడ్డి శుభ్రం చేసేవారు, బడి గేటు వద్ద నిలబడేవారు, సాయంత్రం ఇంటి వద్ద పలక పట్టించే అక్క లేదా అన్న, బిడ్డ రెండు రోజులుగా కనిపించడం లేదని గమనించే పొరుగువారు, వీరందరూ కలిసినదే పాఠశాల సమాజం. వీరిలో ఏ ఒక్కరు తప్పుకున్నా దాని ప్రభావం ముందుగా హాజరు పట్టికలోను, ఆ తరువాత అభ్యసనంలోను కనిపిస్తుంది.

హైదరాబాద్ పాతబస్తీ అంచున ఉన్న సైదాబాద్ ప్రాంతం ఈ విషయాన్ని పరిశీలించుటకు అనువైనది. ఒకవైపు స్థిరపడిన ఉద్యోగుల కాలనీలు, మరొకవైపు దినసరి కూలీలు, ఆటో డ్రైవర్లు, ఇళ్లలో పనిచేసే మహిళలు, కూరగాయల వ్యాపారులు నివసించే బస్తీలు ఇక్కడ పక్కపక్కనే ఉన్నాయి. సమీపంలోని మాదన్నపేట మార్కెట్‌లో వ్యాపారం చేసుకునే కుటుంబాలకు తెల్లవారకముందే పని మొదలవుతుంది. తల్లిదండ్రులిద్దరూ అప్పటికే ఇల్లు విడిచి ఉంటే బిడ్డను బడికి సిద్ధం చేసే బాధ్యత ఇంట్లోని పెద్ద పిల్లపై, చాలాసార్లు ఆడపిల్లపై పడుతుంది. తమ్ముడు బడికి చేరుతాడు గాని ఆమె మాత్రం ఆలస్యమవుతుంది, ఆలస్యమైనందుకు మందలింపు ఎదురవుతుంది, కొద్ది వారాలకు రావడమే మానుతుంది. ఇందులో బోధనా లోపం ఏదీ లేదు. పాఠం ఎంత బాగా చెప్పినా ఆమె వినుటకు అక్కడ లేదు.

గ్రామం వేరు, బస్తీ వేరు

గ్రామంలో బడి, ఊరు ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి. పంతులుగారు రాకపోయినా, పిల్లవాడు పశువుల వెంట వెళ్లినా సాయంత్రానికి రచ్చబండ వద్ద తెలిసిపోతుంది. నగరంలో ఆ వెసులుబాటు లేదు. అద్దె ఇల్లు మారితే బడి మారవలసి వస్తుంది. ఉపాధ్యాయుడు వేరొక ప్రాంతంనుంచి బస్సులో వచ్చి వెళ్తాడు. నగరంలో పలు ప్రభుత్వ పాఠశాలలు అద్దె భవనాలలో, ఇరుకు గదులలో నడిచిన చరిత్ర ఉన్నది. అటువంటి చోట తల్లిదండ్రులు కూర్చొని మాట్లాడుటకు వసారా కూడా ఉండదు.

భాష మరొక అంశం. పాతబస్తీ పరిసరాలలో తెలుగు, ఉర్దూ మాట్లాడే కుటుంబాలు కలిసి జీవిస్తాయి. పొట్టకూటికై జిల్లాలనుంచి వలస వచ్చిన గిరిజన కుటుంబాల ఇళ్లలో లంబాడీ భాష వినిపిస్తుంది. 2022-23 విద్యా సంవత్సరంనుంచి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఒకటి నుంచి ఎనిమిదవ తరగతి వరకు ఆంగ్ల మాధ్యమాన్ని ప్రవేశపెట్టి, ద్విభాషా పాఠ్యపుస్తకాలను అందజేయడం జరిగింది. ఒక పుటలో ఆంగ్లం, ఎదుటి పుటలో మాతృభాష ఉండే ఈ పుస్తకాల ప్రయోజనాన్ని తరగతి గదికే పరిమితం చేసి చూడడం సరికాదు. ఆంగ్లం రాని తల్లి సైతం ఎదుటి పుట చూసి, ఈ రోజు ఏ పాఠం జరిగిందని బిడ్డను అడగగలదు. చదువు రాని తల్లి అయినా పాఠంలోని కథను బిడ్డ చేత చెప్పించుకొని వినగలదు. ఆ పది నిమిషాలు ఏ ట్యూషన్‌కూ తీసిపోవు.

మధ్యాహ్న భోజనం విషయంలోను ఈ తేడా కనిపిస్తుంది. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల నేపథ్యంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుంచి ప్రాథమిక పాఠశాలలలో వండిన భోజనం పెట్టడం ఆరంభమైంది. గ్రామాలలో ఆ వంట బాధ్యతను మహిళా స్వయం సహాయక బృందాలకు అప్పగించారు. వంట చేసే మహిళ సాధారణంగా ఆ బడి పిల్లల్లో ఒకరి తల్లే కావడం వల్ల ఎవరు తిన్నారు, ఎవరు రాలేదు అనే సంగతి ఆమెకు తెలిసేది. హైదరాబాద్ నగరంలో మాత్రం స్థలాభావం దృష్ట్యా స్వచ్ఛంద సంస్థల ఆధ్వర్యంలోని కేంద్రీకృత వంటశాలలో వండిన అన్నం మూతపెట్టిన డబ్బాలలో వాహనంపై పాఠశాలలకు చేరే పద్ధతిని అనుసరించారు. ఈ పద్ధతిలో శుభ్రత, సమయపాలన మెరుగు. అయితే బడి ఆవరణలో ఒక తల్లి ఉండే అవకాశం తగ్గింది. వడ్డనకు ముందు ఉపాధ్యాయుడు సహా ఇద్దరు ముగ్గురు పెద్దలు రుచి చూడవలెననే నిబంధనను బస్తీ పాఠశాలలు కేవలం లాంఛనంగా భావించరాదు. వంతులవారీగా తల్లులను దానికి పిలిస్తే ఈ లోటు కొంతవరకు తీరుతుంది.

చట్టం చూపిన మార్గం

పాఠశాల నిర్వహణలో తల్లిదండ్రులకు స్థానం కల్పించుట ఈ రాష్ట్రాలకు కొత్త కాదు. బ్రిటన్ ప్రభుత్వ సహాయంతో 1980ల నుంచి అమలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం పరిసరాలనే బోధనోపకరణాలుగా వాడడం, పిల్లల పనిని తరగతి గోడలపై ప్రదర్శించడం అనే సూత్రాలను ఉపాధ్యాయులకు పరిచయం చేసింది. గోడమీద తన బిడ్డ గీసిన బొమ్మను చూచుటకు తల్లి బడిలోకి అడుగు పెడుతుందనే విషయం అప్పటి ఉపాధ్యాయులకు అనుభవపూర్వకంగా తెలుసు. అనంతరం 1998లో ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్య సామాజిక భాగస్వామ్య చట్టం వచ్చింది. తల్లిదండ్రుల ప్రతినిధులతో పాఠశాల విద్యా కమిటీలకు చట్టబద్ధత కల్పించిన తొలి ప్రయత్నాలలో ఇది ఒకటి.

2009లో పార్లమెంటు ఆమోదించి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఉచిత నిర్బంధ విద్యా హక్కు చట్టం ఈ ఏర్పాటును దేశమంతటికీ వర్తింపజేసింది. చట్టంలోని 21వ సెక్షను ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఉండాలి. మొత్తం సభ్యులలో సగం మంది మహిళలు కావాలి. బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వారి సంఖ్యకు తగిన ప్రాతినిధ్యం ఉండాలి. పాఠశాల పనితీరును పర్యవేక్షించడం, అభివృద్ధి ప్రణాళికను రూపొందించడం, వచ్చిన నిధుల వినియోగాన్ని గమనించడం కమిటీ విధులు. ఉమ్మడి రాష్ట్రంలో ఈ చట్టం కింద రూపొందించిన నిబంధనలు ప్రధానోపాధ్యాయునితో పాటు స్థానిక కార్పొరేటరు లేదా వార్డు సభ్యులు, అంగన్‌వాడీ కార్యకర్త, ఆరోగ్య కార్యకర్త, మహిళా సమాఖ్య అధ్యక్షురాలికి కూడా కమిటీలో చోటు కల్పించాయి. బడి చుట్టూ ఉన్నవారందరినీ ఒక బల్ల చుట్టూ చేర్చే ఉద్దేశం ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది.

ఇదే చట్టంలోని మరికొన్ని అంశాలు బస్తీ పిల్లలకు మరింత దగ్గరివి. ఇల్లు మారిన బాలుడు వేరొక బడిలో చేరవచ్చినప్పుడు బదిలీ పత్రం ఆలస్యమైందన్న కారణంతో ప్రవేశం నిరాకరించరాదని 5వ సెక్షను చెబుతున్నది. మధ్యలో చదువు మానిన బిడ్డను వయసుకు తగిన తరగతిలో చేర్చుకొని ప్రత్యేక శిక్షణ ఇవ్వవలెనని 4వ సెక్షను నిర్దేశిస్తున్నది. తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై హాజరును, అభ్యసన స్థాయిని, ప్రగతిని తెలియజేయుట ఉపాధ్యాయుని విధి అని 24వ సెక్షను పేర్కొంటున్నది. సైదాబాద్ వంటి చోట అద్దె గదులు మారుతూ ఉండే కుటుంబాలకు మొదటి అంశం ఒక్కటి తెలిసినా ఎందరో పిల్లల విద్యా సంవత్సరం నష్టపోకుండా ఉంటుంది. దీనిని బస్తీలో చెప్పవలసినవారు ఎవరన్నది ఏ ఉత్తర్వులోను విడిగా రాసి ఉండదు. కమిటీ సభ్యురాలైన తల్లి చెబితే మాత్రం వేగంగా చేరుతుంది.

పొరుగు జిల్లా అనుభవం

హైదరాబాద్‌ను ఆనుకొని ఉన్న రంగారెడ్డి జిల్లాలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1990ల ఆరంభంనుంచి చేసిన కృషి ఈ సందర్భంలో ప్రత్యేకంగా పేర్కొనదగినది. ఆచార్య శాంతా సిన్హా నేతృత్వంలో ఈ సంస్థ బడి వెలుపల ఉన్న ప్రతి బిడ్డనూ బాల కార్మికునిగానే పరిగణించాలన్న వైఖరి తీసుకున్నది. పేద తల్లిదండ్రులు పిల్లల సంపాదనను వదులుకోరన్న సాధారణ అభిప్రాయాన్ని అది అంగీకరించలేదు. యువకులు ఇంటింటికి తిరిగి పిల్లల జాబితాలు తయారు చేశారు. పనిలోనుంచి తీసిన పిల్లలను నేరుగా తరగతిలో కూర్చోబెట్టక, వారధి శిబిరాలలో కొన్ని నెలలపాటు చదువు నేర్పి, ఆ తరువాతనే వయసుకు తగిన తరగతులలో చేర్పించారు. ప్రభుత్వ ఉపాధ్యాయులు స్వయంగా బాల కార్మిక విమోచనకు వేదికగా ఏర్పడడం ఈ ఉద్యమంలోని విశేషం. ఇందుకు గుర్తింపుగా 2003లో శాంతా సిన్హాకు రామన్ మెగసెసే పురస్కారం లభించింది. 2007లో ఏర్పాటైన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమె తొలి అధ్యక్షురాలయ్యారు.

ఆ అనుభవంలో గమనించవలసినది శిబిరం కన్నా జాబితా. పేరు రాసిన పిల్లవాడి గురించి అడుగుటకు ఊరిలో ఒకరు ఉండేవారు. నగర బస్తీలో అటువంటి జాబితా అంగన్‌వాడీ కేంద్రంలో ఒక భాగం, పాఠశాలలో ఒక భాగం, మహిళా సంఘంలో మరొక భాగంగా చెదిరి ఉంటుంది. ఈ మూడింటినీ ఏడాదికి ఒకసారి జూన్ మాసంలో పక్కపక్కన పెట్టి చూసిన పాఠశాలకు తన పరిధిలో ఎవరు చేరలేదో తెలుస్తుంది. దీనికి అదనపు నిధులు అవసరం లేదు. ఒక పూట సమయం చాలు.

సైదాబాద్‌లో ఈ విషయాన్ని మరొక కోణంనుంచి గుర్తుచేసే సంస్థ కూడా ఉన్నది. చట్టంతో ఘర్షణ పడిన బాలురను ఉంచే ప్రభుత్వ పరిశీలన గృహం ఇక్కడే ఉన్నది. అక్కడి పిల్లలకు సంరక్షకుడు అంటే సిబ్బందే. వారు విడుదలై వెళ్లిన తరువాత తిరిగి చేర్చుకునే బడి, చేర్చుకున్న తరువాత వారిని పాత పేరుతో పిలువని తరగతి దొరుకుతాయా లేదా అన్నది ఆ గృహం గోడల వెలుపల ఉన్న సమాజం చేతిలోని విషయం.

సంతకం ఒక్కటే చాలదు

కమిటీ ఏర్పడినంత మాత్రాన చదువు మెరుగుపడుతుందని భావించరాదు. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో ప్రథమ్ సంస్థతో కలిసి ఆర్థికవేత్తలు జరిపి 2010లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో కనువిప్పు వంటిది. గ్రామ విద్యా కమిటీల అధికారాల గురించి ప్రజలకు సమాచారం ఇచ్చినప్పటికీ, పిల్లల చదువు స్థాయిని ఊరివారే పరీక్షించుకునేలా చేసినప్పటికీ ప్రభుత్వ బడి పనితీరులో చెప్పుకోదగిన మార్పు రాలేదు. స్థానిక యువతకు కొద్దిపాటి శిక్షణ ఇచ్చి బడి వేళల తరువాత పఠన తరగతులు నడిపించినచోట మాత్రం, ఆ తరగతులకు వచ్చిన పిల్లలు చదవడం నేర్చుకున్నారు. సమావేశానికి పిలిస్తే రాని సమాజం, చేతికి ఒక నిర్దిష్టమైన పని అప్పగిస్తే వచ్చిందన్నమాట.

తెలంగాణలో 2022 ఆగస్టులో ఆరంభమైన తొలిమెట్టు కార్యక్రమం ఒకటి నుంచి అయిదవ తరగతి పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు చేయడంలో కనీస సామర్థ్యాలు సాధింపజేయుటకు ఉద్దేశించినది. ఏ బిడ్డ అక్షరాల వద్ద ఆగాడు, ఏ బిడ్డ వాక్యం వరకు వచ్చాడు అన్న వివరం దీనివల్ల ఉపాధ్యాయుని వద్ద ఉంటుంది. ఆ వివరాన్ని తల్లికి అర్థమయ్యే మాటలలో చెప్పడం, సాయంత్రం అరగంట కూర్చోగల ఇంటర్మీడియట్ విద్యార్థినిని బస్తీలోనే వెతకడం పాఠశాల చేయదగిన పని. పూర్వ విద్యార్థులను వార్షికోత్సవానికి ముఖ్య అతిథులుగా పిలిచి శాలువా కప్పుటకంటె ఈ పనికి వినియోగించుకొనుట మేలు.

భవనాల విషయంలో సమాజానికి అప్పగించిన పనులు ఇప్పటికే ఫలితం చూపాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో ప్రారంభమైన మన బడి నాడు-నేడు కింద పనులను తల్లిదండ్రుల కమిటీల ద్వారా చేయించారు. తెలంగాణలో 2022 మార్చిలో మన ఊరు - మన బడి ఆరంభం కాగా, నగరాలలో ఇదే కార్యక్రమం మన బస్తీ - మన బడి పేరుతో అమలైంది. 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పడ్డాయి. వీటికి మహిళా సంఘాల సమాఖ్య అధ్యక్షురాలు చైర్‌పర్సన్‌గా, ప్రధానోపాధ్యాయుడు సభ్య కన్వీనర్‌గా వ్యవహరిస్తారు. తాగునీరు, మరుగుదొడ్లు, విద్యుత్తు, చిన్న మరమ్మతులు ఈ కమిటీలకు అప్పగించిన పనులలో ముఖ్యమైనవి. కుళాయి బాగుపడినదా లేదా అన్నది కంటికి కనిపిస్తుంది. బిడ్డ చదవగలుగుతున్నాడా లేదా అన్నది అడిగితే గాని తెలియదు. రెండవ ప్రశ్నను కూడా కమిటీ ఎజెండాలో చేర్చిన పాఠశాలలే ఈ వ్యవస్థను పూర్తిగా వినియోగించుకున్నట్లు.

పత్రికలలో ప్రభుత్వ పాఠశాల సాధారణంగా రెండు సందర్భాలలోనే వార్త అవుతుంది. పదవ తరగతి ఫలితాల రోజున ఒకటి, పైకప్పు కారినప్పుడు మరొకటి. పరిశీలించదలచిన పాత్రికేయులకు, తనిఖీకి వెళ్లే అధికారులకు బడిలో చూడదగిన పత్రాలు కొన్ని ఉన్నాయి. కమిటీ సమావేశాల మినిట్స్ పుస్తకంలో వరుసగా ఒకే చేతిరాత, ఒకే తీర్మానం ఉన్నాయా, హాజరైన తల్లుల సంతకాలు, వేలిముద్రలు మారుతున్నాయా అన్నది చూస్తే కమిటీ నడుస్తున్న తీరు తెలుస్తుంది. విద్యా హక్కు చట్టం నమూనా నిబంధనల మేరకు పాఠశాల అభివృద్ధి ప్రణాళిక మూడేళ్లకు రూపొందించవలసినది. తరగతులవారీ నమోదు అంచనా, అవసరమైన ఉపాధ్యాయుల సంఖ్య, అదనపు వసతులు అందులో ఉండాలి. ఆర్థిక సంవత్సరం ముగియుటకు మూడు నెలల ముందుగా, అనగా డిసెంబరు నెలాఖరులోగా దీనిని సిద్ధం చేసి, చైర్‌పర్సన్, కన్వీనర్ సంతకాలతో స్థానిక సంస్థకు సమర్పించవలసి ఉంటుంది.