మళ్ళీ ఆయనే వేస్తున్నారట!

ఇష్టమైన బొమ్మలాయన కొంతకాలం కనబడకుండా పోయి, మళ్ళీ పాత కథకే బొమ్మలు వేయడం మొదలుపెట్టారనుకోండి. అభిమానులు రెండు పనులు చేస్తారు. మొదటి నెల పండగ చేసుకుంటారు. రెండో నెల భూతద్దం తీస్తారు. "అబ్బే, ఇది పాత చెయ్యి కాదండీ" అని పెదవి విరుస్తారు. ఇందులో తెలుగువాళ్ళకూ అమెరికా వాళ్ళకూ తేడా ఏమీ లేదు. మన అరోరా ఇళ్ళల్లో ఈ జబ్బు రెండు చోట్ల కనిపిస్తుంది. మేడమీద పిల్లల గదిలో ఒకటి, కింద హాల్లో పెద్దవాళ్ళ దగ్గర ఒకటి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూద్దామని ఈ ప్రయత్నం.

ముందు పిల్లల సంగతి. 2022 ఏప్రిల్‌లో 'అమేజింగ్ స్పైడర్‌మ్యాన్' మళ్ళీ ఒకటో నంబరుతో మొదలైంది. రచన జెబ్ వెల్స్, బొమ్మలు జాన్ రొమీటా జూనియర్. ఈ జూనియర్ ఆ కథకు కొత్తవాడేమీ కాదు. 1966లో వాళ్ళ నాన్న జాన్ రొమీటా స్పైడర్‌మ్యాన్ బొమ్మలు చేపట్టాడు. కొడుకు 1980ల నుంచి విడతలు విడతలుగా అదే పని చేస్తూ వచ్చాడు. మధ్యలో కొన్నేళ్ళు పోటీ కంపెనీ డీసీకి వెళ్ళి సూపర్‌మ్యాన్‌నూ బ్యాట్‌మ్యాన్‌నూ వేసి, తిరిగి మార్వెల్ గూటికి చేరాడు. ఆ కబురు విని మన కుర్రాళ్ళు తెగ సంబరపడ్డారు. సంచికలు నాలుగైదు వచ్చేసరికి మాట మారింది. మొహాలు చెక్కపెట్టెల్లా ఉన్నాయన్నారు. చిన్నపిల్లవాడికీ ముసలాయనకూ ఒకటే ముక్కు అన్నారు. అసలు కోపం బొమ్మల మీద కాదని మా అనుమానం. ఆ కథలో పీటరూ మేరీ జేనూ విడిపోయి ఉన్నారు, ఆ అమ్మాయి వేరొకరితో ఉంది. అది రాసినాయన చేసిన పని. కూర మాడితే విస్తరిని తిట్టినట్టు, ఆ ఉక్రోషంలో సగం బొమ్మలు వేసినాయన నెత్తిన పడింది.

ఈ గోల విని మేము నవ్వుకోబోయాం. అంతలో 1999 డిసెంబరు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

చందమామ గురించి ఈ పత్రిక చదివే పెద్దలకు కొత్తగా చెప్పనక్కరలేదు గాని, ఇక్కడ పుట్టిన పిల్లల కోసం నాలుగు ముక్కలు. 1947 జులైలో మద్రాసులో బి. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు దాన్ని తెలుగులోనూ తమిళంలోనూ ప్రారంభించారు. తరవాత డజను భాషల దాకా పాకింది. కథ ఒకటే, బొమ్మ ఒకటే, లిపి మాత్రం మారేది. అందుకే మన బాలాజీ గుడిలో ప్రసాదం వరసలో నిలబడ్డ తమిళులకైనా కన్నడిగులకైనా భేతాళుడి బొమ్మ చూపించండి, ఠక్కున గుర్తుపడతారు. 'అంబులిమామ' అని ఒకరంటారు, 'చందమామ' అని ఒకరంటారు. ఎవరికి వారు "అది మా బొమ్మ" అనే అంటారు.

ఆ బొమ్మ వేసిన శంకర్‌గారు తమిళులు. పూర్తి పేరు కె.సి. శివశంకరన్. 1924లో పుట్టారు. మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో చదువుకుని 1950ల మొదట్లో చందమామలో చేరారు. అక్కడ ఆయనకంటే ముందునుంచీ చిత్రగారున్నారు. ఆయన ఏ బడిలోనూ బొమ్మలు నేర్చుకోలేదు, అయినా దాసరి సుబ్రహ్మణ్యంగారి సీరియళ్ళలో మాంత్రికులంటే చిత్ర బొమ్మలే. అట్టల మీద వడ్డాది పాపయ్యగారు. ఇంతమంది ఉండగా శంకర్ పేరు చెబితే మనకు మొదట తోచేది విక్రమార్కుడే.

ఆ విక్రమార్కుణ్ణి ఒక్కసారి కామిక్ పుస్తకాల లెక్కలో చూడండి. ఒక చేత కత్తి, భుజాన శవం, చుట్టూ చీకటి, పుర్రెలు, ఊడలు. నెలలు గడిచినా వేషం మారదు. దశాబ్దాలు గడిచినా వయసు పెరగదు. ఒక పంతం పట్టాడు, దాన్ని వదలడు. సూపర్‌హీరోకు ఇంకేం కావాలి? ఒక్కటే తేడా. అమెరికా హీరో నెలనెలా గెలుస్తాడు, మనవాడు నెలనెలా ఓడిపోతాడు. అదీ సరైన సమాధానం చెప్పి మరీ ఓడిపోతాడు! మౌనం భంగమైంది, శవం మాయమైంది, మళ్ళీ చెట్టు దగ్గరికి నడక. మూలంలో ఉన్నవి పాతిక కథలే. చందమామ వాళ్ళు ఆ చట్రంలోనే వందలకొద్దీ కథలు నడిపారు. అన్ని వందల సార్లు ఓడినవాణ్ణి హీరోగా నిలబెట్టిన ఘనతలో కథకు ఎంత వాటా ఉందో బొమ్మకూ అంత ఉంది. ఓడిపోయి వెనక్కి తిరిగిన మనిషి నడకలో దిగులు లేకుండా వేయడం అంత తేలిక కాదు.

1998లో కార్మిక వివాదం వల్ల చందమామ ఆగిపోయింది. సుమారు ఏడాది పాటు లేదు. పోయిందనే అనుకున్నాం. 1999 డిసెంబరులో మళ్ళీ వచ్చింది, దానితోపాటు శంకర్‌గారి బొమ్మలూ వచ్చాయి. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదేళ్ళు.

ఆ కబురు మనకు ముందు ఫోన్లలో వచ్చింది. తరవాత ఇండియానుంచి దిగినవాళ్ళ పెట్టెల్లో, చీరల మడతల మధ్య, ఊరగాయ పొట్లాలకు దూరంగా జాగ్రత్తగా సంచికలు వచ్చాయి. చేతికి అందగానే ఎవరూ మొదటి పేజీ నుంచి చదవలేదు. భేతాళ కథ తీశారు. కథ చదవలేదు, బొమ్మ చూశారు. బొమ్మ కింద సంతకం చూశారు. "ఆయనే!" అనుకున్నారు. ఒకరి ఇంటినుంచి ఒకరి ఇంటికి ఆ సంచిక తిరిగి తిరిగి అట్ట ఊడిపోయింది.

తరవాత భూతద్దాలు బయటికొచ్చాయి. గీత సన్నబడిందన్నారు ఒకరు. రాజు భుజం మీద శవం ఉందిగాని బరువు లేదన్నారు ఇంకొకరు (ఇది మంచి విమర్శే, దీన్ని మేమూ ఒప్పుకుంటాం). రంగులు మరీ ఎక్కువయ్యాయన్నారు. కాగితం నున్నగా ఉంది, పాత వాసన లేదు అన్నవారు కూడా ఉన్నారు. కాగితం వాసనకు శంకర్‌గారేం చేస్తారు?

వాదం తేలక, 1960ల నాటి బైండు ఒకటి తెచ్చి కొత్త సంచిక పక్కన పెట్టి చూశాం. తేడా ఉంది, లేదనడం మర్యాద కోసం అనే మాట. మా కంటికి వెనక ఉండే అడవి కొంచెం పలచబడింది. కాని మనుషుల నిలబడే తీరు, చేతివేళ్ళు, నగల పనితనం, ఇవి చూస్తే ఇంకొకరి పని అని ఎవరూ అనలేరు. మనం పోలుస్తున్నది మాత్రం ఆ బైండుతో కూడా కాదేమో. ఎనిమిదేళ్ళ వయసులో, లాంతరు దగ్గర బోర్లా పడుకుని, భేతాళుడి పేజీ వచ్చినప్పుడు సగం కళ్ళు మూసుకుని చూసిన బొమ్మ అది. ఆ బొమ్మతో ఎవరూ పోటీ పడలేరు, దాన్ని వేసిన శంకర్‌గారితో సహా. ఆయనకు డెబ్బై అయిదు వచ్చాయని అన్నవాళ్ళు, తమకు కళ్ళజోడు వచ్చిందన్న సంగతి లెక్కలోకి తీసుకోలేదు.

ఈ దేశంలో ఇటువంటి కథే ఇంకా పెద్దగా నడిచింది. కెప్టెన్ అమెరికాను 1941లో జో సైమన్‌తో కలిసి సృష్టించిన జాక్ కిర్బీ, 1960లలో మార్వెల్ కంపెనీని నిలబెట్టిన బొమ్మలాయన. 1970లో అలిగి డీసీకి వెళ్ళిపోయి, 1975లో తిరిగి వచ్చాడు. 1976 జనవరి తేదీతో వచ్చిన 193వ సంచిక నుంచి 1977 అక్టోబరు నాటి 214 దాకా కెప్టెన్ అమెరికాను తానే రాసి, తానే గీసి, సంపాదకత్వం కూడా తానే చేశాడు. తండ్రి ఇంటికి వచ్చాడని మురిసిపోవలసింది కదా? సగంమంది మురిసిపోయారు. మిగతా సగం ఉత్తరాల పేజీలో ఉతికి ఆరేశారు. కారణం ఉంది. అంతకు ముందు స్టీవ్ ఎంగిల్‌హార్ట్ రాసిన కథల్లో, వాటర్‌గేట్ రోజుల్లో, కెప్టెన్ ప్రభుత్వం మీద నమ్మకం పోయి ఆ వేషమే విడిచిపెడతాడు. ఆ కథలతో పెరిగిన కాలేజీ కుర్రాళ్ళకు కిర్బీ వచ్చి పిచ్చెక్కించే బాంబు కథ, పెద్ద పెద్ద యంత్రాలు, గుద్దులాటలు చూపిస్తే వెనక్కి పోయినట్టనిపించింది. తామెరిగిన కెప్టెన్‌ను ఈయన ఎరగడన్నారు. కెప్టెన్‌ను పుట్టించినవాణ్ణి పట్టుకుని ఆ మాట! 1978లో కిర్బీ మళ్ళీ వెళ్ళిపోయాడు. ఆ సంచికలనే ఇప్పుడు గట్టి అట్టలు వేసి పుస్తకాలుగా అమ్ముతున్నారు. మన కుర్రాళ్ళు పుట్టినరోజు కానుకగా అడుగుతున్నారు.

తిరిగి రానివాళ్ళ అదృష్టం వేరు. స్పైడర్‌మ్యాన్‌కు మొదటి బొమ్మలు వేసిన స్టీవ్ డిట్కో 1966లో 38వ సంచికతో మానేశాడు. తరవాత పదమూడేళ్ళకు మార్వెల్‌కు పని చేశాడుగాని స్పైడర్‌మ్యాన్ జోలికి మాత్రం పోనన్నాడు. 39వ సంచిక నుంచి వేసిన రొమీటా, డిట్కో ఇవాళో రేపో తిరిగి వస్తాడనుకుని, కొన్నాళ్ళు ఆయన పద్ధతిలోనే గీశానని చెప్పుకున్నాడు. మన దగ్గర ఎం.టి.వి. ఆచార్యగారున్నారు. ఆయన చందమామ వదిలి వెళ్ళాక అట్టల మీద వడ్డాది పాపయ్యగారి రంగులు వచ్చాయి. ఆచార్య అట్టలను ఇప్పటికీ తలుచుకునేవాళ్ళున్నారు. ఆయన వెనక్కి వచ్చి ఉంటే ఆయనకూ భూతద్దం తప్పేది కాదు.

ఇంతకూ తిరిగి వచ్చే బొమ్మలాయన ఎవరి ఇంటికి తిరిగి వస్తున్నాడు? దీన్ని అభిమానులు సాధారణంగా పట్టించుకోరు. కెప్టెన్ అమెరికా కిర్బీది కాదు, కంపెనీది. 1980లలో తన పాత బొమ్మల అసలు ప్రతులు ఇప్పించమని కిర్బీ అడిగాడు. మిగతా చిత్రకారుల చేత ఒక పేజీ కాగితం మీద సంతకం పెట్టించుకుని ఇచ్చేస్తున్న కంపెనీ, ఆయనకు మాత్రం నాలుగు పేజీల పత్రం పంపింది. పదివేలకు పైగా పేజీలు గీసినవాడికి 88 పేజీలు ఇస్తామంది. అప్పుడు మాత్రం అభిమానులూ తోటి చిత్రకారులూ గట్టిగా నిలబడ్డారు, 1986లో సంతకాలు సేకరించారు. 1987లో సుమారు రెండువేల పేజీలు చేతికి వచ్చాయి. ఆయన 1994లో పోయారు. హక్కుల మీద కుటుంబానికీ కంపెనీకీ రాజీ కుదిరేసరికి 2014 వచ్చింది. మనలో ఇంజనీర్లు చాలామంది కంపెనీ కాగితాల మీద తమ పేటెంటు హక్కులు రాసిచ్చినవాళ్ళే గనక, ఈ బాధ మనకు వివరించి చెప్పనక్కరలేదు.

శంకర్‌గారిది అంత గొడవ కాదు. ఆయన నెలనెలా బొమ్మలు వేశారు, విక్రమార్కుడు మాత్రం పత్రికవాడు. 2007లో చందమామను బొంబాయికి చెందిన జియోడెసిక్ కంపెనీ కొనుక్కుంది. 2013 ప్రాంతంలో, చందాదారులకు సరైన వీడ్కోలు కూడా లేకుండా అచ్చు ఆగిపోయింది. ఆ తరవాత కూడా శంకర్‌గారు కుంచె పక్కన పెట్టలేదు. రామకృష్ణ మఠం వారి తమిళ పత్రిక 'రామకృష్ణ విజయం'లో పురాణ కథలకు బొమ్మలు వేస్తూ వచ్చారు. 2020 సెప్టెంబరు 29న చెన్నైలో, తొంభై ఆరేళ్ళ వయసులో కన్నుమూశారు. 2021లో పద్మశ్రీ ప్రకటించారు. ఆయన లేకుండా వచ్చిన బిరుదు అది.

ఇదంతా రాయడానికి అసలు కారణం మన సంఘం లైబ్రరీ బీరువా. అందులో చందమామ బైండ్లు ఉన్నాయి, 1950లవి, 60లవి, 70లవి. నాన్నల నాన్నలు కుట్టించినవి, సముద్రం దాటి వచ్చినవి. 1999 డిసెంబరు తరవాతవి వెతికితే చెదురుమదురుగా ఏడు దొరికాయి. పాతవి బంగారంలా దాచుకున్నవాళ్ళమే, ఆయన డెబ్బై అయిదేళ్ళ వయసులో, ఎనభయ్యేళ్ళ వయసులో వేసినవి "పాత చెయ్యి కాదు" అని పాత కాగితాల్లో వేసేశాం. ఆయన యాభై ఏళ్ళకు పైగా వేసిన రాజు చివరి పుష్కరం మన దగ్గర లేదు. రొమీటా జూనియర్‌ను తిట్టిన కుర్రాళ్ళు మాత్రం ఒక్క సంచిక పారేయలేదు. ప్లాస్టిక్ సంచుల్లో, అట్టముక్క దన్ను పెట్టి, నంబరు వారీగా పేర్చుకున్నారు. తిట్టడం వేరు, దాచుకోవడం వేరని వాళ్ళకు బాగా తెలుసు.

అందుచేత మనవి. మీ బేస్‌మెంట్లలో, ఇండియా పెట్టెల అడుగున, 1999 డిసెంబరు నుంచి వచ్చిన చందమామలు ఏ భాషవైనా సరే ఉంటే వచ్చే నెల సమావేశానికి తెచ్చి ఇవ్వండి. తమిళమైనా కన్నడమైనా బొమ్మ అదే. అట్ట చిరిగినా, పిల్లలు రంగు పెన్సిళ్ళతో భేతాళుడికి మీసాలు పెట్టినా ఫరవాలేదు. పాత బైండ్లు మాత్రం దయచేసి తేవద్దు, బీరువాలో చోటు లేదు.